సువార్తమ్మ గురువారం కూడిక

నాచారంలో సువార్తమ్మ ఇంట్లో ప్రతి గురువారం మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లు బైబిలు చదువుకోవడానికి చేరతారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుడి పేరున తీసిపెట్టిన పిడికెడు బియ్యం తలా ఇంత తెస్తారు. ఆ బియ్యం చేటలో పోసుకుని, రాళ్లు ఏరుతూనే, ముక్కు చివరికి జారిన కళ్లద్దాల పైనుంచి చూస్తూ సువార్తమ్మ పాఠం చెబుతుంది. ఏ వాక్యమైనా ఆమె నోట పడితే నాచారం గల్లీలోకి దిగాల్సిందే. యోసేపును గుంటలో పడేసిన అన్నలు కూడా నల్లా దగ్గర ఎదుటివాళ్ల బిందె తోసేసే రకమైపోతారు.

ఆ వారం పాఠం, తోటివారితో తగవుంటే అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సమాధానపడమన్నది.

"ఎవరితోనన్న మాటల్లేకుంటే ఇయ్యాల్నే పోయి కలువుర్రి," అంది సువార్తమ్మ.

"మరి సూర్యకళతోని నువ్వు మాట్లాడక ఎన్నొద్దులాయె అక్కా?" అంది ఈరమ్మ.

"అది నా కొత్త బిందెకు సొట్ట పెట్టింది!"

"సొట్టబోయిన బిందెకు మాఫీ లేదని రాసుందా అక్కా?"

అందరూ పకపకా నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు. ఇప్పుడు లేవకపోతే రేపటినుంచి ఏ మొహంతో వాక్యం చెబుతుంది? బియ్యం చేట అక్కడే వదిలేసి, వెనకింటి సూర్యకళ తలుపు కొట్టింది.

"ఏంది వదినా, మీ దేవుడు తోలిండా?" అంది సూర్యకళ, గడప మీదే అడ్డంగా నిలబడి.

"ఆయన ఎప్పుడో చెప్పిండు, నేనే ఇననైతి. ఇయ్యాల ఈరమ్మ ఎల్లగొట్టింది."

సూర్యకళ నవ్వు ఆపుకోలేక పక్కకు జరిగి దారిచ్చింది.