ఆయనకో చోటు వెతకబోయి

ఎవరింటికి వెళ్లినా ముందు వంటగదిలోకి తొంగిచూసే బుద్ధి నాది. మా అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా పోలేదు. అరవై దాటాక ఆ బుద్ధే పనికొస్తుందని ఎవరనుకున్నారు? మా ఆయన్ను ఉంచడానికి ఒక హోమ్ చూడాల్సి వచ్చింది. కూతురు ఫోన్లో ప్రశ్నలు చూసుకుంటూ మేనేజరమ్మ ముందు కూర్చుంటే, నేను బాత్రూమ్ వంక పెట్టి లేచి నేరుగా వంటవాడి దగ్గరికి పోయాను. పప్పు గిన్నె మూత తీసి వాసన చూశాను. అతను బిత్తరపోయి గరిటె నా చేతికే ఇచ్చాడు.

అది సూరత్‌లో డుమస్ రోడ్డు మీద కొత్తగా కట్టిన హోమ్. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ల కోసమే కట్టారు. మా ఆయనకు ఆ జబ్బు మొదలై కొన్నేళ్లయింది. ముందు గుజరాతీ పోయింది, తర్వాత హిందీ పోయింది, పుట్టినప్పటి తెలుగు మాత్రం మిగిలింది. మూతి మీద మీసాలు రాకముందే సూరత్ వచ్చి, ఒళ్లు సహకరించినన్నాళ్లూ మరమగ్గాలు నడిపిన మనిషి. వాటిని మా వాళ్లు సాంచాలంటారు. నేను మా తెలుగువాళ్ల బస్తీలో, మున్సిపాలిటీ తెలుగు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. నన్ను చూస్తే పిల్లలకు హడల్.

ఇంట్లోనే చూసుకుందామని మొండికేశాను. ఒకరోజు స్నానం చేయిస్తుంటే నేనెవరో పరాయిదాన్ననుకొని తోసేశాడు. నా మణికట్టు విరిగింది. కట్టు విప్పాక డాక్టరు ఇక ఆయన్ను లేపడం, పట్టుకోవడం లాంటివి పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. ఆయన నాకు రెండింతలుంటాడు. కూతురు బార్డోలీలో ఉంటుంది, ఉద్యోగం, పిల్లలు, మంచాన పడ్డ మామగారు. తన దగ్గరికి తీసుకుపోతానంది. నేనే వద్దన్నాను.

బస్తీలో ఒకావిడ నన్ను నిలబెట్టి అడిగింది. "ఏందక్కా, మొగణ్ని తీస్కపోయి ఆశ్రమంల ఏస్తవా?"

"రెండ్రోజులు నీ ఇంట్ల ఉంచుకో. అటెన్క మాట్లాడుదం" అన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అలా అన్నానే గానీ, ఆమె అడిగిందే నా గుండెల్లోనూ ఉంది. నాకు కావాల్సింది ఒక్కటే. అక్కడ ఆయన బాగుంటాడా? తిండి పెడతారు, బట్టలు మారుస్తారు, అదంతా సరే. బాగుంటాడా? ఫోన్ చేసిన ప్రతిచోటా "టెన్షన్ మత్ లో మాసీ" అనేవాళ్లే. అడిగినదానికి జవాబు చెప్పకుండా నా టెన్షన్ సంగతి వీళ్లకెందుకని ఒళ్లు మండేది.

డుమస్ రోడ్డు హోమ్‌లో నేను చూడని మూల లేదు. బడిలో రోజూ పిల్లల గోళ్లు చూసిన దాన్ని కదా, అక్కడున్న వాళ్ల చేతులు పట్టుకొని గోళ్లు చూశాను. శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఒక ముసలాయన నేను చెయ్యి చూసి జాతకం చెబుతున్నాననుకొని రెండో చెయ్యి కూడా చాపాడు. నూరేళ్లు బతుకుతావని చెప్పాను. చెవుల వెనక మురికి ఉందేమో చూశాను. మంచాల కింద వంగి చూశాను. నీళ్ల గ్లాసు మంచం మీద పడుకున్న మనిషికి అందుతుందో లేదో నేనే పడుకొని చూశాను.

"అమ్మా, జర ఆగు. నువ్వేం ఇన్‌స్పెక్షన్‌కి రాలే. సబ్ దేఖ్ రహే హై" అంది కూతురు పళ్ల బిగువున.

"సూడనియ్. వాళ్లను సూసెటందుకే మనం అచ్చినం."

నన్ను పడేసింది మాత్రం అక్కడి ప్రశాంతత. చుట్టూ తోట. కుర్చీల కాళ్లకు రబ్బరు తొడుగులు. తలుపు వేస్తే చప్పుడు కాదు. ఆయాలు మెత్తటి చెప్పులు వేసుకొని తిరుగుతున్నారు. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా ఊరుకోమని మేనేజరమ్మ గర్వంగా చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. చెవులు చిల్లులు పడే సాంచాల మోతలో బతుకంతా గడిపాడు, చివరికైనా కాస్త నిమ్మళంగా ఉండనీ అనుకున్నాను. ఇదే ఖాయం చేద్దామని కూతురితో అన్నాను.

ఎందుకైనా మంచిది, ముందు ఒక పగలు ఉంచి చూడమన్నారు. ఉదయం ఆయన్ను దింపి, కూతురూ నేనూ డుమస్ దాకా పోయి రోడ్డు పక్కన టమాటా భజియా తిన్నాం. చాలా రోజుల తర్వాత వేడివేడిగా, ఒకరికి తినిపించే పని లేకుండా తిన్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉండింది. ప్లేటు ఖాళీ కాకముందే ఫోన్ మోగింది. వెంటనే రమ్మన్నారు.

"మీ కాకా ఆడవాళ్ల కొంగులు లాగుతున్నారు" అంది మేనేజరమ్మ మమ్మల్ని గుమ్మంలోనే ఆపి.

నాకు నషాళానికి అంటింది. "మా ఆయనా? నోర్ముయ్" అని తెలుగులోనే అనేసి లోపలికి పోయాను.

హాల్లో ఆయన ఒక ముసలమ్మ చీర కొంగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆమె ఏడుస్తోంది. ఆయన ఆమె వంక చూడనే లేదు. కొంగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకొని, వేళ్లు జరుపుకుంటూ కళ్లు చికిలించి వెతుకుతున్నాడు. వెనక మంచాల మీద దుప్పట్లన్నీ అంచులు ఊడదీసి ఉన్నాయి. అప్పటికే వాటన్నిటినీ అలాగే తడిమాడన్నమాట. మొహం నిండా చెమటలు.

నన్ను చూసి, "అన్నీ ఆగినయ్" అన్నాడు. "ఒక్కటి సుత నడుస్తలేదు. ఏడ తెగిందో దొర్కుతలేదు."

"ఒక మాత్ర వేస్తే పడుకుంటారు. మొదట్లో అందరికీ వేస్తాం" అంది మేనేజరమ్మ వెనక నుంచి. మెల్లగా ఆయన వేళ్ల మధ్య నుంచి కొంగు విడిపించి ఆ ముసలమ్మ భుజం మీద కప్పాను. ఆమెకు చేతులు జోడించాను. ఆయన్ను నడిపించుకొని బయటికి వచ్చాను.

ఆటో ఎక్కాక విషయం అర్థమైంది. సాంచాలు నడిపేవాడు ఒక్కదాని ముందు కూర్చోడు, చాలావాటి మధ్య తిరుగుతూ ఉంటాడు. అన్నిటినీ కంటితో చూడలేడు. చెవితోనే చూస్తాడు. మోత ఒక్క రవ్వ తగ్గిందంటే ఎక్కడో పోగు తెగి సాంచా ఆగిందని లెక్క. పరుగెత్తి ఆ కొస వెతికి ముడి వేస్తాడు. గుడ్డ నేసిన మేరకే కూలి కాబట్టి ఆగిన సాంచా చూస్తూ ఎవడూ ఊరుకోడు. మా బస్తీలో కరెంటు పోయి మోత ఆగితే నిద్రపోతున్న పసిపిల్లలు కూడా లేచి కూర్చుంటారు. ఏమైందంటూ మగవాళ్లు వీధిలోకి వస్తారు. మోత ఉన్నంతసేపూ మాకు అంతా సవ్యంగా ఉన్నట్టే. అలాంటి మనిషిని తీసుకుపోయి నేను రబ్బరు తొడుగుల కుర్చీల మధ్య కూర్చోబెట్టాను. పొద్దుటి నుంచి ఆయన చెవుల్లో లోకంలోని సాంచాలన్నీ ఆగిపోయి ఉన్నాయి.

నా తెలివికి నాకే నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. పక్కన లారీల హారన్లు, బస్సుల రొద, ఆటో ఇంజను డబడబ. ఆ గోలలో ఆయన కూతురి భుజం మీద తలవాల్చి గుర్రుపెట్టి నిద్రపోయాడు.

ఆ తర్వాత నా వెతుకులాట తీరే మారిపోయింది. ఎక్కడికి పోయినా వంటగది, గోళ్లు, బాత్రూమ్ చూశాక ఒక ప్రశ్న వేసేదాన్ని. "మీ దగ్గర చప్పుడు ఉంటుందా?" అబ్బే, అసలు ఉండదని ఒట్టేసి చెప్పేవాళ్లు. అయితే వద్దని లేచేదాన్ని. ఒకాయన కావాలంటే రోజంతా స్పీకర్‌లో భజనలు పెట్టిస్తానన్నాడు.

"గిట్లనే అడుగు. నిన్ను సుత గీడ్నే ఉంచుకుంటరు" అంది కూతురు మెట్లు దిగుతూ. బస్ స్టాపు దాకా ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

చివరికి తాపీ నది అవతల, అమ్రోలిలో ఒక ఇరుకు సందులో దొరికింది. పాత రెండంతస్తుల ఇల్లు. వెనక గోడను ఆనుకొని సాంచాల కార్ఖానా. గుమ్మంలో అడుగు పెట్టగానే అరికాళ్లలో అదురు తెలిసింది. అక్కడ పెద్దదిక్కు ఒక గుజరాతీ ఆవిడ, అందరూ బెన్ అని పిలుస్తారు. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టకముందే క్షమాపణ మొదలుపెట్టింది. "ఇదొక్కటే ఇబ్బంది మాసీ. పగలూ రాత్రీ ఇదే మోత. కిటికీలకు రెండో అద్దం వేయిస్తున్నాం."

"వేయించకండి" అన్నాను హిందీలో.

ఆవిడ నా వంక, తర్వాత నా కూతురి వంక చూసింది. పేషెంటు ఎవరో తేల్చుకోలేకపోయినట్టుంది. నేను విషయం చెప్పాను. వింటూ వింటూ నాకో గిన్నెలో ఖిచిడీ, కఢీ పెట్టింది. ఆ మజ్జిగపులుసు మా నాలుకకు తియ్యన, అయినా తాజాగా ఉంది. మేడ మీద ఒకామె గోళ్లు పెరిగి ఉంటే చూపించాను. బెన్ సాకులేమీ చెప్పకుండా అక్కడే కూర్చొని కత్తిరించింది. బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ వదులుగా ఉందన్నాను. ఊపి చూసి, ఇది బిగించాకే ఆయన్ను తీసుకురండి అంది. తెలుగు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. నీళ్లు, అన్నం, నొప్పి, చలి అనే మాటలు ఆవిడకూ ఆయాలకూ నేనే నేర్పాను. ఒక ఆయా 'నొప్పి' అనలేక 'నోప్' దగ్గరే ఆగిపోతుంటే, బడి గుర్తొచ్చి అలవాటుగా కసిరాను.

లేవబోతూ అడిగాను. "ఇక్కడ ఆయన బాగుంటాడా?"

"చూసుకుంటాం మాసీ. కానీ బాగుంటారని మాట ఎట్లా ఇవ్వను? ఆయనెవరో నాకింకా తెలియదు కదా."

మొదట కోపం వచ్చింది. ఇంత చూసి, ఇంత చెప్పి, చివరికి నాకు దొరికిన జవాబు ఇదా? వంతెన మీద బస్సులో వస్తుంటే మాత్రం, ఇన్ని చోట్లు తిరిగితే అబద్ధం ఆడనిది ఈవిడొక్కతేనని అనిపించింది.

తీసుకుపోయిన రోజు నేను ఆయన వెనకే నడిచాను. ఆయన లోపలికి వచ్చి ఎవరినీ చూడకుండా తిన్నగా వెనక గోడ దగ్గరికి నడిచాడు. అరచెయ్యి ఆనించి, గోడ పొడుగునా మెల్లగా జరిపాడు. కాసేపు తల వంచి విన్నాడు. తర్వాత అక్కడే కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. దుప్పట్లు తడమలేదు.

కుదురుకునేదాకా వారం రోజులు రావద్దంది బెన్. ఆ వారం నాకు ముద్ద దిగలేదు. ఫోన్ చేస్తే తింటున్నారు, పడుకుంటున్నారు అనేది. అది ఆవిడ చెప్పగలిగినంత. నేను అడగదలచుకున్నది ఆవిడను కాదు.

వారం తిరగ్గానే అన్నం, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిర్చి డబ్బాలో పెట్టుకొని పోయాను. ఆయన గడ్డం గీయించుకొని, ఉతికిన చొక్కాతో గోడ దగ్గర ఉన్నాడు. నేను గుమ్మంలోకి రాగానే లేచి, చకచకా నడిచొచ్చి, నేను లోపలికి రాకుండా ఎదురుగా నిలబడ్డాడు. నా మొహం చూశాడు. చేతిలో డబ్బా చూశాడు. మోతను మించి వినబడేలా గొంతెత్తి అడిగాడు.

"ఎవలు గావాలె చెల్లె?"

ముప్పై ఎనిమిదేళ్ల కాపురం. ఆ పిలుపు వినాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. కానీ ఆయన మొహంలో గాబరా లేదు, చెమట లేదు. డబ్బా పట్టుకొని కార్ఖానా గుమ్మం దాకా వచ్చే మా ఆడవాళ్లను లోపలి మగవాళ్లు పలకరించే పద్ధతి అదే. ఆయన పనిలో ఉన్నాడు. ఆయన లెక్కలో నేను ఇంకెవరి భార్యనో.

"మా ఆయన. గీడ్నే పనిజేస్తడు" అన్నాను.

"పేరేంది?"

మా వాళ్లలో మొగుడి పేరు పలకరు. రేషన్ ఆఫీసులో అయినా, ఆస్పత్రిలో అయినా పక్కవాళ్లతోనే చెప్పించాను. ఇంట్లో "ఇగో, ఇంటున్నవా" అనే పిలిచాను. ఇప్పుడు పక్కన ఎవరూ లేరు. మెల్లగా చెబితే ఆ మోతలో వినబడదు. ఆయన కళ్లలోకి చూస్తూ, ఆయన పేరు ఆయనకే గట్టిగా అరిచి చెప్పాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. మొహం విప్పారింది.

"ఆయనా? ఉన్నడు, లోపల్నే ఉన్నడు. పనిల ఉన్నడు."

"మంచిగున్నడా?" అని అడిగాను.

"మంచిగున్నడు చెల్లె. సాంచాలన్నీ నడుస్తున్నయ్. నువ్ ఫికర్ జెయ్యకు, ఇంటికి పో. డబ్బ నేనిస్త."

రెండు చేతులూ చాపాడు. నేను డబ్బా ఆ చేతుల్లో పెట్టి వచ్చేశాను.