పడవ రాకముందు తిన్న ముద్ద

ఆ మధ్య నెల్లూరు ఆసుపత్రిలో మంచం మీద కూర్చున్న నన్ను, నా కూతురంత వయసు కూడా లేని పోషకాహార నిపుణురాలు ఒకామె, ఏమేం తింటారు అని కాకుండా ఎన్ని గంటలకు తింటారు అని ముందుగా అడిగింది. పుట్టిన దగ్గర్నుంచీ తింటూనే ఉన్నా, నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. పడవ వచ్చినాక తింటానమ్మా అన్నాను. పాపం, ఆమెకు అర్థం కాలేదు. మైపాడు పక్క సముద్రపొడ్డు పల్లెల్లో పుట్టి పెరిగిన నా ఈడు ఆడవాళ్లకైతే ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

అంతకుముందు రోజు పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని, చేపల వేటకు పోయిన కొడుకు కోసం చూస్తూ, టీనీళ్లతోనే మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చి, పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. కడుపుతో ఉన్న నా కోడలు ఒక్కతే నన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకువచ్చింది. మాత్ర వేసుకుని పస్తుండడమంటే ప్రాణాలతో చెలగాటమేనని, ఇంకొకసారి ఇట్లా పడితే లేస్తారో లేదో చెప్పలేనని డాక్టరు గారు కసురుకున్నారు. ఆయన కసురుకోవడంలో తప్పేమీ లేదు.

మా ఇళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. మగవాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంటి ఇల్లాలు మెతుకు ముట్టకూడదు, ముడితే పడవ తిరిగి రాదు. ఎవరు పెట్టారో, ఏ నోటితో పెట్టారో గానీ, ఆ మాటను కాదన్న ఆడమనిషిని నేను చూడలేదు. మా నాన్న చీకటితోనే తెప్ప వేసుకుని పోయేవాడు. అమ్మ మాకు చద్దన్నంలోకి ఉప్పుచేప నంజుకోమని ఇచ్చి, మా కడుపులు నిండాయో లేదో రెండుసార్లు అడిగి, తాను మాత్రం కొంగు నడుముకు బిగించి ఒడ్డుకు పోయేది. పొద్దు తిరిగాక తెప్ప వచ్చేది. వంజరాలూ చందువాలూ ఊళ్లోకి అమ్మకానికి పోగా మిగిలిన చిన్నచేపలతో అమ్మ పులుసు కాచేది. ముందు నాన్న, తర్వాత మేము, ఆఖరున అమ్మ. ఆమె వంతు వచ్చేసరికి కుండలో ముక్కలుండవు, అడుగు పులుసూ ఇంత కుప్ప అన్నమూ మిగిలేవి. చేపలూరి ఆడదాని తిండిలో చేప లేదంటే ఇప్పటివాళ్లు నవ్వుతారేమో, అది మాత్రం నిజం.

అమ్మకు ఒక అలవాటు ఉండేది. పొయ్యి గట్టు మీద ఎండిన మట్టిపెళ్ల గోటితో గిల్లి బుగ్గన పెట్టుకునేది. మేము చూస్తే సిగ్గుపడి నవ్వేది, మేమూ నవ్వేవాళ్లం. నీళ్లబిందె ఎత్తుకుని వస్తూ దారిలో కూలబడేది, గుండె దడ తగ్గినాక మళ్లీ లేచేది. పిల్లల తల్లికి నీరసం మామూలే కదా అని ఇంట్లో పెద్దవాళ్లు కొట్టిపారేసేవారు.

నేను బడికి పోయే వయసులో ఒకసారి వాయుగుండం పట్టింది. అంతకు ముందే పోయిన తెప్పలు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. అమ్మ ఇసుకలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఇరుగమ్మలు గిన్నెతో గంజి తెచ్చి బతిమాలితే, ఆయన తిన్నాడా నేను తినేదానికి అని పక్కన పెట్టేసింది. మూడో నాటి పొద్దున ఒక పక్కకు ఒరిగింది. నిద్ర పట్టిందనుకుని నేను ఆమె మీద చీర కొంగు కప్పాను. మధ్యాహ్నానికి నాన్న తెప్ప కృష్ణపట్నం వైపు ఒడ్డుకు కొట్టుకువచ్చిందని కబురు తెలిసింది, సాయంత్రానికి ఆయన నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. అప్పటికి అమ్మ లేదు. తన ప్రాణం ఇచ్చి మొగుణ్ణి తెచ్చుకున్న మహాతల్లి అన్నారు ఊరంతా. నేనూ అదే నమ్మాను, తల్లి లేని పిల్లకు అది తప్ప ఇంకేం మిగులుతుంది?

పెద్దయ్యాక నేను అంగన్‌వాడీలో పనిచేశాను. ఊళ్లో గర్భిణులందరికీ గుడ్లు ఉడకబెట్టి పెట్టి, వేళకు తినండమ్మా, ఆకుకూర మానకండమ్మా అని నోరు నొప్పి పుట్టేలా చెప్పి, ఇంటికి వచ్చి నా మొగుడి పడవ కోసం పస్తు కూర్చునేదాన్ని. దీపం కింద చీకటి అంటే వేరే ఏముంది! ఆయన పోయాక కొడుకు పడవ కోసం కూర్చున్నాను. పొద్దంతా టీనీళ్లు, మూడు గంటలకు పళ్లెం నిండా అన్నం, ఊరగాయ. షుగరు రాక ఏం వస్తుంది?

ఆసుపత్రిలో తిండి వేళలు అడిగిన ఆ అమ్మాయి నాతో మాట్లాడుతూనే నా కోడలి వంక చూసి, దగ్గరకు పిలిచి, కింది కనురెప్ప లాగి చూసింది. రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉంది. పచ్చిబియ్యం గానీ మట్టి గానీ తినాలనిపిస్తుందా అని అడిగితే కోడలు తల దించుకుని, బియ్యం నములుతా ఉండానక్కా అంది. అమ్మ గోటి సందున మట్టి నా కళ్లకు కట్టింది. రక్తం బాగా తక్కువగా ఉంది, ఇట్లాగే ఉంటే కాన్పు నాటికి తల్లికీ బిడ్డకూ గండమే అంది ఆ అమ్మాయి. అమ్మను మింగింది ఎదురుచూపు కాదు, ఆకలి అని ఈ వయసులో నాకు తెలిసింది. కోడలికి పస్తుండమని నేను ఏనాడూ చెప్పలేదు, చెప్పనక్కర కూడా లేకపోయింది. అత్త తినకుండా కూర్చుంటే కోడలు ఎట్లా తింటుంది?

ఇంటికి వచ్చిన నాలుగో రోజున కొడుకు వేటకు పోయాడు. గాలి మారింది, ఫోను కలవలేదు. నేను రాగి సంగటి కెలికి, తోటకూర పప్పు చేసి, నెత్తళ్ల చేపల పులుసు పెట్టి, పొద్దున ఎనిమిది కాకుండానే రెండు పళ్లేలు వేశాను.

"పడవ రాలా గదత్తా ఇంకా. నేనెట్ట తినేది?" అంది కోడలు.

"వాడు నా బిడ్డ కాదా మ్మే? కూర్చో, నీ కడుపులో ఉండేదానికి ఏం తెలుసు పడవ సంగతి" అని గదిమాను. లోపల మాత్రం కన్నకొడుకును సముద్రానికి అప్పగిస్తున్నానేమో అనిపించింది. మొదటి ముద్దను నీళ్లతో దించాను. నన్ను చూసి కోడలు కళ్లు తుడుచుకుంటూ ముద్ద కలిపింది. ఇద్దరం తిని, పళ్లేలు కడిగి బోర్లించాం. తర్వాత ఇద్దరం ఒడ్డుకు పోయి నిలబడ్డాం.

వాడి పడవ ఇంజను చెడిందట, వేరే పడవవాళ్లు తాడు కట్టి లాక్కువచ్చారు. పొద్దు వాలుతుండగా వాడు ఇంట్లోకి వచ్చి, కడిగి బోర్లించిన పళ్లేలు చూసి, "తినేసినారా మా?" అని అడిగి, అవునంటే, "మంచి పని చేసినారు, నాకు పెట్టు" అన్నాడు. అంతే. ఇన్ని తరాల కట్టుబాటు తెగిపోయిందని వాడికి పట్టనే లేదు.

సంతోషపడాల్సిన దాన్ని, పెరట్లోకి పోయి గుండెలవిసేలా ఏడ్చాను. మేము తిన్నా పడవ వచ్చింది. అంటే, అమ్మ తిన్నా నాన్న వచ్చి ఉండేవాడు.

తెప్పలు పోయి ఫైబరు పడవలు వచ్చాయి, ఇంజన్లు వచ్చాయి, గాలివానలను ముందే చెప్పే ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు కోడలూ నేనూ వేళకే తింటున్నాం. ఆమె బుగ్గల్లో కాస్త రంగు తేలింది, బియ్యం నమలడం తగ్గింది. రోజూ మొదటి ముద్ద ఎత్తేటప్పుడు మాత్రం నాకు ఆ ఒడ్డే గుర్తుకు వస్తుంది. అమ్మను ఎత్తుకుపోయాక చూశాను, గంజి గిన్నె ఆమె కూర్చున్న చోటనే ఉంది, మీగడ కట్టి, నిండుగా.