చివరి కాపీలో పదకొండు అంగుళాలు

దయ్యాల కథ చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. "ఎందుకో అట్లా అయింది సార్" అన్న విద్యార్థి చేత రికార్డు మొత్తం మళ్ళీ రాయించేదాకా వదిలేవాణ్ణి కాదు. అప్పుడూ నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. మిమ్మల్ని నమ్మించాలనీ రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాసి పెడతాను. ఇందులో తప్పెక్కడుందో మీకు దొరికితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

అరవైల చివరి సంగతి. నాకింకా ముప్పై నిండలేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో లెక్చరరు ఉద్యోగం, సీతాఫల్‌మండిలో అద్దె గది, ఒక సైకిలు, బోలెడంత గర్వం. ఇవీ నా ఆస్తులు.

తార్నాకలో మాధవరెడ్డి గారని ఒక పెద్దమనిషి మూడంతస్తుల మేడ కట్టి, బొంబాయి నుంచి పాత లిఫ్టు తెప్పించి పెట్టించాడు. ఆ చుట్టుపక్కల లిఫ్టున్న ప్రైవేటు మేడ అదొక్కటే. పిల్లలు దాని తలుపు చూడటానికే వచ్చేవాళ్ళు. రెడ్డిగారు వచ్చినవాళ్ళందరికీ చాయ్ తాగించి మరీ చూపించేవాడు.

మూడో అంతస్తును సుశీలమ్మ అనే డాక్టరమ్మ ప్రసూతి ఆసుపత్రికి తీసుకుంది. ఆపరేషన్ గది కూడా పైనే. ఆమె ఒకటే పట్టు పట్టింది. లిఫ్టు బిగించిన కంపెనీ మనిషి "అంతా బాగుంది" అని రాసిచ్చిన కాగితాన్ని పక్కకు నెట్టేసింది. పెట్టినవాళ్ళే పరీక్ష చేసి, వాళ్ళే పాసు మార్కులు వేసుకుంటే అదేం పరీక్ష అంది. కంపెనీకీ, ఇంటి యజమానికీ సంబంధం లేని మనిషెవరైనా చూసి సంతకం పెడితే తప్ప ఒక్క రోగిని కూడా లిఫ్టు ఎక్కనివ్వనని అద్దె ఒప్పందంలోనే రాయించుకుంది. అప్పట్లో సొంత మేడల్లో లిఫ్టు ఎలా ఉందని బయటివాళ్ళు వచ్చి అడగడం నేనైతే ఎరగను. ఆమె మాట నాకు బాగా నచ్చింది. రెడ్డిగారు మా డిపార్టుమెంటుకు వచ్చి అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను.

దసరా సెలవుల్లో, దుర్గాష్టమి రోజు పొద్దున వెళ్ళాను. లిఫ్టు నడిపే ఎల్లయ్య నా వెంటే తిరిగాడు. రెడ్డిగారి ఊరివాడే, నిన్నమొన్నటిదాకా నాగలి పట్టినవాడు. పది రోజులు కంపెనీ మెకానిక్కు దగ్గర కూర్చుని లిఫ్టు నడపడం నేర్చుకున్నాడు. తలుపు మూసేటప్పుడు కూడా మెల్లగా, పసిపిల్ల ఉన్న గది తలుపు మూసినట్టు మూసేవాడు.

అతని తొందర అతనిది. భార్య సత్తెమ్మకు ఎనిమిదో నెల. కాళ్ళు వాచిపోయాయి, బీపీ బాగా ఎక్కువైంది. దసరా మర్నాడు ఆపరేషను చేసి బిడ్డను తీస్తానని డాక్టరమ్మ రోజు కూడా పెట్టింది. మెట్లెక్కకూడదు, కుదుపు తగలకూడదు, పడుకోబెట్టే తీసుకురావాలని గట్టిగా చెప్పింది.

"సారూ, ఈ లిఫ్టుల మొదాలు ఎక్కేది మా ఆమెనే. జర మంచిగ జూడున్రి," అన్నాడు ఎల్లయ్య.

"నేను చూస్తే మంచిగనే చూస్త. నీకు ఫికర్ వద్దు," అన్నాను. నా గర్వం అలాంటిది.

నిజంగానే బాగా చూశాను. ఉక్కు తాళ్ళు, తలుపులు, గొళ్ళేలు, అన్నీ. అసలైనది బ్రేకు. డాబా మీది గదిలో మోటారు పక్కన గుండ్రటి ఇనప డ్రమ్ము ఉంటుంది. దాన్ని రెండు వైపుల నుంచి గట్టిగా పట్టి ఆపేదే బ్రేకు. ఆ పట్టు జారితే లిఫ్టు అంతస్తు దగ్గర నిలవదు. ఇసుక బస్తాలతో పూర్తి బరువు ఎక్కించి, మూడో అంతస్తు దగ్గర ఆపి, గోడ మీద సుద్దగీత గీసి పావుగంట నిలబడ్డాను. వెంట్రుకవాసి కూడా జారలేదు. డ్రమ్ము అద్దంలా ఉంది. వేలితో తుడిచి చూశాను, పట్టు జార్చే నూనె చుక్క కూడా లేదు.

అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను. మూడు కాగితాలు, మధ్యలో రెండు కార్బన్లు, బాల్ పెన్నుతో గట్టిగా నొక్కి రాయడం నా అలవాటు. ఏడో అంశం బ్రేకు. పూర్తి బరువుతో మూడో అంతస్తు దగ్గర నిలిచింది, జారలేదు అని ఇంగ్లీషులో రాశాను. పై కాగితం రెడ్డిగారికి, రెండోది డాక్టరమ్మకు ఇచ్చాను. మూడోది ప్యాడులోనే ఉంచి, క్యాంపస్‌కు పోయి నా సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. నవ్వకండి, బ్రహ్మచారి గదిలో అంతకంటే భద్రమైన చోటు లేదు.

దసరా మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు డిపార్టుమెంటుకు వెళ్ళాను. సెలవులు కావడంతో వరండాలో పురుగు లేదు. ఆ కాపీ మీద నంబరు వేసి ఫైల్లో పెడదామని తీశాను. నంబరు వేసేముందు అలవాటు కొద్దీ ఒకసారి చదివాను.

ఏడో అంశం దగ్గర ఇలా ఉంది: పూర్తి బరువుతో మూడో అంతస్తు దగ్గర నిలవలేదు. పదకొండు అంగుళాలు జారింది.

మళ్ళీ చదివాను. కిటికీ దగ్గరకు తీసుకుపోయి చదివాను. కార్బన్ నీలం, నా చేతిరాత, నేను అడ్డగీత పెట్టి రాసే ఏడు. నాలుగో అంశంలో తాడు మందం తప్పు రాసి, కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. అదీ అలాగే ఉంది. కింద అష్టమి నాటి తేదీ, నా సంతకం. అన్నీ నేను రాసినవే, ఆ రెండు ముక్కలు తప్ప.

ఇందులో దాచేదేమీ లేదు, భయపడ్డాను. ముందు నా బుర్ర మీదే అనుమానం వచ్చింది. తర్వాత తాళం మీద. తాళం చెక్కు చెదరలేదు. ఎవరో ఆకతాయి పని అనుకుందామంటే, నా రాతలో, నా కొట్టివేతతో సహా మొత్తం కాగితం మళ్ళీ తయారు చేసేంత ఓపిక ఎవడికుంది? ఎందుకు?

తొమ్మిదింటికి సత్తెమ్మను తెస్తారని అప్పుడు గుర్తొచ్చింది. కాగితం అబద్ధమైతే నేను నవ్వులపాలవుతాను. నేను కళ్ళతో చూసింది అబద్ధమైతే ఆ మనిషి చస్తుంది. స్ట్రెచర్ సగం లోపల, సగం బయట ఉండగా లిఫ్టు జారితే ఏమవుతుందో క్లాసులో బొమ్మ గీసి చెప్పినవాణ్ణి నేనే.

కాగితం జేబులో కుక్కుకుని సైకిలెక్కాను. క్యాంపస్ నుంచి తార్నాకకు పది నిమిషాలు. ఆ రోజు ఎంత పట్టిందో తెలియదు. దారిలో ఎవరో తెలిసినాయన జమ్మి ఆకు చేతిలో పెట్టబోతే ఆగకుండా వెళ్ళిపోయాను. చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

నేను వెళ్ళేసరికి సత్తెమ్మను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి లిఫ్టు ముందుకు తెచ్చేశారు. ఎల్లయ్య లిఫ్టు తలుపు తెరిచి పట్టుకున్నాడు. గంభీరంగా చెప్పాలనుకున్నాను గానీ నోట్లోంచి మా ఊరి కేక వచ్చింది.

"ఆపున్రి! ఆమెను లోపట వెట్టకున్రి!"

రెడ్డిగారు ముందు బిత్తరపోయి, తర్వాత ఎర్రబడ్డాడు. "ఏంది సారూ గిది? మొన్న మీరే గద రాసిచ్చిన్రు, మంచిగున్నదని!"

"నేనే రాసిన. నేనే వద్దంటున్న."

"ఎందుకు?"

ఏం చెప్పను? జేబులో కాగితం తీసే ధైర్యం లేకపోయింది. మళ్ళీ బరువు పెట్టి చూస్తే తప్ప ఎవరూ ఎక్కడానికి వీల్లేదని మాత్రం అన్నాను. అరగంట పడుతుందన్నాను. డాక్టరమ్మ సత్తెమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ నా వైపు తలెత్తింది.

"అరగంట నా దగ్గర లేదు. ఈమెకు ఏ నిమిషాన ఫిట్స్ వస్తాయో తెలియదు. మీకు అనుమానం ఉన్నట్టా, లేనట్టా?"

"ఉన్నది."

ఆమె వెంటనే వెదురు కుర్చీ తెప్పించింది. ఆ మెట్ల మలుపుల్లో స్ట్రెచర్ తిరగదు. సత్తెమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాత చీరతో నడుముకు కట్టి, నలుగురం ఎత్తుకున్నాం. కుర్చీ వెనకాల ఎడమ కాలు నేను పట్టాను. ప్రతి మెట్టుకూ ఆమె మూలుగుతుంటే నా ప్రాణం పోయినట్టే అనిపించింది. ఎల్లయ్య ముందు కాలు పట్టుకుని వెనక్కి నడుస్తూ నా మొహంలోకే చూస్తున్నాడు. లిఫ్టు బాగానే ఉందని తేలితే, ఒక పిచ్చి కాగితం కోసం ఈ మనిషిని ఇంత యాతన పెట్టినవాణ్ణి అవుతాను. మూడంతస్తులూ అదే ఆలోచన. బతికున్నంతకాలం ఆ మెట్లు మరిచిపోలేను.

ఆపరేషన్ గది తలుపు మూశాక కిందికి వచ్చి ఇసుక బస్తాలు ఎక్కించాం. ఉట్టి చేతులతో కూర్చోలేక ఎల్లయ్య కూడా వచ్చి మోశాడు. మూడో అంతస్తుకు పంపి ఆపాను. ఆగింది. రెడ్డిగారు నా వైపు చూసి ఏదో అనబోయాడు.

అప్పుడు మెల్లగా, చప్పుడు లేకుండా జారడం మొదలైంది. పైనుంచి మాడిన నూనె వాసన వచ్చింది. కాసేపటికి దానంతటదే బిగుసుకుని ఆగింది. ఉక్కు స్కేలు పెట్టి కొలిచాను. నా కొలత నేనే నమ్మలేక రెడ్డిగారి చేత కూడా కొలిపించాను.

పదకొండు అంగుళాలు.

డాబా మీదికి పరిగెత్తాం. డ్రమ్ము చుట్టూ ఎర్రగా, జిడ్డుగా సింధూరం. ముందర ఒక నిమ్మకాయ, ఆరిపోయిన అగరుబత్తులు. వెనకాల వచ్చిన ఎల్లయ్య అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు.

"నేనే సారూ. నేనే బూసిన."

నవమి నాడు ఆయుధపూజ చేశాడు. ఊళ్ళో నాగలికి చేసినట్టే మోటారు గదంతా కడిగి, తుడిచి, పొద్దస్తమానం తిరిగే ఆ డ్రమ్మునే పెద్దదిక్కు అనుకుని దానికే బొట్టు పెట్టాడు. "నీళ్ళతోని వెడితే ఎండి రాలిపోతది గద సారూ. మా ఆమె ఎక్కేదాక ఉండాలెనని మంచినూనెల కలిపిన." పూజ చేసిన యంత్రాన్ని తిప్పకూడదని ఆ రోజూ, దసరా నాడూ కరెంటు ఆపేసి ఉంచాడు. మర్నాడు మొదటిసారి ఎక్కాల్సింది సత్తెమ్మే.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. రెడ్డిగారికి కూడా రాలేదు.

సత్తెమ్మ బతికింది. ఆడపిల్ల పుట్టింది, బక్కగా ఉన్నా గొంతు మాత్రం గట్టిది. డ్రమ్మును పెట్రోలుతో కడిగించి, బ్రేకు పట్టీలు కొత్తవి వేయించి, మూడుసార్లు పరీక్షించాకే లిఫ్టు తిప్పనిచ్చాను. ఇక ముందు ఏటేటా బయటి మనిషి చేత చూపించాలని రెడ్డిగారే తన చేత్తో రాసి గోడకు అంటించాడు.

ఆ సాయంత్రం మూడు కాగితాలూ డాక్టరమ్మ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మొదటిది, రెండోది "జారలేదు" అంటున్నాయి. మూడోది "జారింది" అంటోంది. రెండో కాగితం మీద పడకుండా మూడోదాని మీద అక్షరం ఎలా పడుతుంది? అష్టమి నాడు నూనె లేదు. రాసింది అష్టమి నాడు. ఆమె చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి, "నేను దేవుణ్ణి నమ్ముతాను, అయినా నాకు అర్థం కాలేదు. మీరు నమ్మరు కదా, మీరెట్లా నిద్రపోతారు?" అంది. నిద్రపోలేదు, ఆ రాత్రి.

తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. అదే ప్యాడు, అదే పెన్ను, అవే కార్బన్లతో చాలాసార్లు రాసి చూశాను. ప్రతిసారీ మూడు కాపీలూ ఒకేలా వచ్చాయి. ఆ పదకొండు అంగుళాల కాగితాన్ని భౌతికశాస్త్రం మిత్రుడికి చూపిస్తే, ఒత్తిడిలో ముందే రాసి మరిచిపోయావన్నాడు. సరే, రాశాననుకుందాం. పదకొండని నాకెలా తెలుసు?

నెల తిరిగాక ఎల్లయ్య క్యాంపస్‌కు వచ్చాడు. వరండా మెట్ల మీద కూర్చున్నాం. మనిషి సగమయ్యాడు. డాక్టరమ్మ దగ్గర ఆ కాగితం సంగతి విన్నాడట.

"సారూ, నేను నూనె బూయకముందే మీ కాయితం మీద రాసి ఉన్నదంట గద. గట్లైతే తప్పు నాదా, కాదా?"

దానికి మాత్రం నా దగ్గర గట్టి జవాబు ఉంది. తప్పు నాది అని చెప్పాను. రెడ్డిగారికి చెప్పాను, కంపెనీకి చెప్పాను, ఆ యంత్రంతో రోజంతా ఉండే మనిషికి మాత్రం ఆ డ్రమ్ముకు జిడ్డు తగలకూడదని ఒక్క మాట చెప్పలేదు. మర్నాడే ఆయుధపూజ అని తెలిసి కూడా చెప్పలేదు. ఎల్లయ్య తలొంచుకుని ఏడ్చాడు. నేను అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "మరి రాసింది ఎవరు సారూ?" అని అడిగాడు.

"రాత నాదే," అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క కూడా అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను.