రొయ్యల మీద నేను వేసిన నింద

ఒక వంటావిడ పరువు, ఒక పెళ్ళి విందు, రెండు డేగిసాల రొయ్యల కూర మంచితనం. ఈ మూడింటినీ ఒకే మధ్యాహ్నం గంగలో కలిపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చదువుతున్నారు, ఆ మనిషిని నేనే. పైగా ఆ పని ఊరికే చెయ్యలేదు, మార్కుల కోసం చేశాను.

మాది బందరు. మచిలీపట్నం అని దరఖాస్తు ఫారాల్లో రాస్తాం. పళ్ళ డాక్టరు చదువు ముగించి, కొన్నాళ్ళు జనం నోళ్ళలోకి తొంగి చూసి, విసుగొచ్చి ప్రజారోగ్యంలో పీజీకి చేరాను. ఒక్కొక్క నోరూ చూసే బదులు ఊరంతటినీ ఒకేసారి చూడొచ్చని ఆశ. రెండో ఏడాదిలో ఒక ఎలక్టివ్ ఎంచుకోమన్నారు. పోషకాహారం ఉంది, ఆసుపత్రుల నిర్వహణ ఉంది. నేను మాత్రం అంటురోగాల దర్యాప్తుకి టిక్కు పెట్టాను. దానికి పరీక్ష లేదు. ఎక్కడైనా నలుగురు ఒకేసారి జబ్బు పడితే, దేనివల్ల పడ్డారో కనిపెట్టి రిపోర్టు రాసిస్తే చాలు.

చిక్కల్లా ఎవరూ జబ్బు పడకపోవడమే. వేసవి సెలవులకి ఇంటికొచ్చి, రోజూ పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ తిరగేసేదాన్ని. రోడ్లు వేస్తున్నారు, చెరువులు తవ్వుతున్నారు, ఒక్కడికీ కడుపు నొప్పి రావట్లేదు. డాక్టరు చదివిన ఆడపిల్ల జనం బాగున్నారని ఏడవడం బాగుండదని నాకూ తెలుసు. ఏడిచాను.

దేవుడు నా మొర విన్నాడు. దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక పల్లెలో మా పెద్దమ్మ కొత్త ఇల్లు కట్టుకుని ప్రతిష్ఠ కూడిక పెట్టింది. ప్రార్థన, పాటలు, తర్వాత భోజనాలు. నేనూ వెళ్ళాను, చేతనైన సాయం చేశాను, అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున్నకి సగం ఊరు చెంబులు పట్టుకుని పరుగులు తీస్తోంది. ఏఎన్ఎం గారు ఓఆర్ఎస్ పొట్లాలు పంచుతోంది. ప్రాణాల మీదికేమీ రాలేదు, రెండు రోజుల్లో అందరూ లేచి తిరిగారు కాబట్టి మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు.

నేను ఆనందం దాచుకుని ముఖం గంభీరంగా పెట్టుకున్నాను. విందులో వడ్డించిన ప్రతి వంటకం పేరూ రాసి, పక్కన తిన్నారా, తినలేదా అని రెండు గళ్ళు గీశాను. తిన్నవాళ్ళలో ఎందరు పడ్డారు, తిననివాళ్ళలో ఎందరు పడ్డారు, పోల్చి చూస్తే దోషి దొరికిపోతుంది. శాస్త్రం అంతే.

శాస్త్రంలో ఇంకో మాట కూడా ఉంది, మనిషిని ఒంటరిగా అడగాలని. నేను మా పెద్దమ్మని వెంటబెట్టుకు వెళ్ళాను. ఊళ్ళో ఇళ్ళు ఆవిడకే కదా తెలుసు!

"బాబాయ్ గారూ, వంకాయ కూర తిన్నారాండీ?"

మంచం మీద వడిలిపోయి ఉన్న పెద్దాయన పెద్దమ్మ వైపు చూసి లేచి కూర్చున్నాడు. "తిన్నానమ్మా. వెన్నలా ఉంది."

"పులిహోర?"

"రెండుసార్లు వేయించుకున్నాను."

"లడ్డూ?"

"ఆయ్, తిన్నాను."

"ఈయనకి షుగరు కదే!" అంది లోపలినించి వాళ్ళావిడ.

"నువ్వూరుకో. తిన్నానన్నానుగా!"

ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. మా వైపు, పెట్టిన చెయ్యి ఎదురుగా నిలబడి ఉండగా ఫలానా కూర నేను తినలేదండీ అనడం చెంప మీద కొట్టడంతో సమానం. అందరూ అన్నీ తిన్నారు. అన్నీ బాగున్నాయి. అనుమానం వచ్చి ఒకావిడని, అసలు వండనే వండని సేమ్యా పాయసం గురించి అడిగాను.

"ఆ పాయసం మర్చిపోతానా అమ్మా! ఆ రుచి ఇంకా నోట్లోనే ఉంది," అందావిడ, నీరసంగా కళ్ళు మూసుకుని.

ఊరంతా తిరిగితే, ధైర్యంగా తినలేదన్నది ఒకే ఒక్క ఇంటివాళ్ళు. నలుగురికీ రొయ్యలు పడవట, దద్దుర్లొస్తాయట. ఆ నలుగురూ నిక్షేపంలా ఉన్నారు. నాకింకేం కావాలి? రొయ్యలు తిన్నవాళ్ళు పడ్డారు, తిననివాళ్ళు నిలబడ్డారు. ఆడలేనమ్మ మద్దెల ఓడంటే, అడగలేనమ్మ రొయ్యలు చెడ్డవంది. అరుగు మీద కూర్చుని రిపోర్టు రాసి పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ మురిసిపోయి, ఆ కాగితం ఫొటో తీసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. కింద, మా చెల్లెలి కూతురు డాక్టరమ్మ కనిపెట్టింది, అని కూడా రాసింది.

గంట తిరక్కుండా సువార్తమ్మ గారు వచ్చింది. ఆ రోజు వంట ఆవిడదే. కాన్పులకీ కూడికలకీ వండిపెట్టే మనిషి. ఎన్నో ఏళ్ళు ఎదురు చూశాక మొట్టమొదటిసారి గుడివాడలో ఒక పెళ్ళి వంట ఒప్పుకుంది. పెళ్ళికూతురి తండ్రి ప్రభాకరరావు గారు ఈ కూడికకి వచ్చిందే ఆవిడ చేతి రుచి చూడడానికి. చూశాడు, మెచ్చాడు, మర్నాడు మంచం ఎక్కాడు. ఇప్పుడు ఎవరో పంపితే నా రిపోర్టు కూడా చూశాడు.

"వేరే వాళ్ళని చూసుకుంటామన్నారమ్మా," అంది సువార్తమ్మ గారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "రొయ్యలు చెడ్డవని రాశావంట?"

"నేను రాయడం కాదు పిన్నిగారూ, లెక్క అలా వచ్చింది."

"లెక్కలో మమ్మల్ని కలిపావా?"

"ఎవర్ని?"

"వండినోళ్ళం అయిదుగురం. ఆఖరి బంతిలో కూర్చుని గిన్నె అడుగు గీక్కుని మరీ తిన్నాం, రొయ్యలే. మాకేం కాలేదే?"

నేను కాగితం అటూ ఇటూ తిప్పాను. విందుకి వచ్చినవాళ్ళని అడిగాను గానీ, వండినవాళ్ళని అడగాలని నాకు తోచనే లేదు.

"పోనీ, మైకుసెట్టాయన్ని అడిగావా? వేరే ఊళ్ళో పనుందని అన్నం మెతుకు ముట్టకుండా వెళ్ళిపోయాడు. నిన్నట్నించీ మంచం దిగట్లేదంట. ఆయనేం తిన్నాడు?"

"ఏం తిన్నాడు?"

"ఏం తినలేదు. ఎండకి తాళలేక నిమ్మకాయ షర్బత్తు మూడు గ్లాసులు తాగాడు. నువ్వు బాగున్నారన్న ఆ నలుగురూ ఉన్నారే, వాళ్ళు ఆ పొద్దున అవనిగడ్డ వెళ్ళి, తిరుగు బస్సు తప్పి ఆలస్యంగా వచ్చారు. అప్పటికి షర్బత్తు అయిపోయింది. మాకూ మిగల్లేదు."

రెండేళ్ళు చదివి నేను చెయ్యలేని దర్యాప్తుని ఆవిడ చీరకొంగుతో చెమట తుడుచుకుంటూ ముగించేసింది. నా పట్టికలో షర్బత్తు లేనే లేదు. తాగేది తిండెలా అవుతుందని రాయలేదు.

"నిమ్మకాయలు నేనే పిండాను. నీళ్ళు టిన్నుల్లో కొన్నవి. పంచదార కొట్లోది," ఆవిడ వేళ్ళు మడుస్తోంది. "ఐసు ఎవరు తెచ్చారో నాకు తెలీదు."

నేను చేతిలో కాగితం మడిచేశాను. నేను నోరు తెరిచేలోపే మా పెద్దమ్మ ముందుకొచ్చింది, గర్వంగా.

"మా అమ్మాయే తెచ్చింది! కొట్లో ఐసు అయిపోయిందంటే, అంత ఎండలో స్కూటీ వేసుకుని, చేపల లోడుకి గడ్డలు వేస్తారే, ఆ ఫ్యాక్టరీకెళ్ళి మరీ తెచ్చింది. గోనెసంచిలో చుట్టి, తనే స్వయంగా సుత్తితో కొట్టి షర్బత్తులో వేసింది. పిల్లకి ఎంత ఓపికనుకున్నావ్!"

చేపల మీద వేసే ఐసు. ఏ నీళ్ళతో చేస్తారో ఎవరూ అడగని ఐసు. చేపలకి విరేచనాలైనా ఎవరికీ చెప్పుకోవు కదా. మరి నాకెందుకేమీ కాలేదంటారా? చల్లనివి పళ్ళకి మంచివి కావని నేను ఒక్క గుక్క కూడా తాగలేదు.

సువార్తమ్మ గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కోపం కాదు, జాలి. సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో మా ప్రొఫెసరు గారి ఫోను.

"ఏమ్మా, సోర్సు దొరికిందా?"

"దొరికిందండీ."

"శాంపిల్ తీశావా?"

"సోర్సే మాట్లాడుతోందండీ."

ఆయన జరిగిందంతా నాచేత చెప్పించుకున్నారు. తర్వాత, రిపోర్టులో దాచకుండా రాయమని మాత్రం చెప్పి పెట్టేశారు.

మర్నాడు సువార్తమ్మ గారూ నేనూ గుడివాడ బస్సెక్కాం. దారి పొడుగునా ఆవిడ కిటికీలోంచి పొలాలు చూసింది, నేను నా చెప్పులు చూసుకున్నాను. ప్రభాకరరావు గారు పడక్కుర్చీలో గంజి తాగుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. తప్పు నాది, రొయ్యలది కాదు, ఈవిడది అసలే కాదు అన్నాను.

ఆయన గంజి గ్లాసు కింద పెట్టాడు. "అంటే షర్బత్తా?"

"అవునండీ."

"నాలుగు గ్లాసులు తాగానమ్మా నేను!"

"అయ్యో! క్షమించండి."

"షర్బత్తు కూడా బాగుందమ్మా, అబద్ధం ఎందుకూ," అన్నాడాయన అలవాటు కొద్దీ. ఆ తర్వాత సువార్తమ్మ గారి వైపు తిరిగాడు. "సరే, వంట మీదే. కానీ ఒక షరతు. ఈ అమ్మాయి..."

"పెళ్ళికి రాదండీ," అంది సువార్తమ్మ గారు వెంటనే.

"వద్దు, రావాలి. ఎక్కడుందో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. నా కళ్ళ ముందు కూర్చోవాలి."

అలా నేను ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. స్టేజీ పక్కన నాకో కుర్చీ వేశారు. కడుపారా తినొచ్చు, దేన్నీ ముట్టుకోకూడదు. వడ్డనలు జోరుగా సాగుతుంటే, పక్కనున్న ముసలావిడ, "అమ్మాయ్, ఆ మంచినీళ్ళ జగ్గు కాస్త ఇటందుకో," అంది. మర్యాదకి చెయ్యి చాచాను.

"ముట్టుకోకు!" అని వంటశాల గుమ్మంలోంచి గరిటె ఎత్తి ఒక్క కేక పెట్టింది సువార్తమ్మ గారు. పందిరంతా తిరిగి చూసింది. పాస్టరు గారు దీవెన మధ్యలో ఆపేశారు. నేను చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ పెళ్ళిలో ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు. రొయ్యలు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. భోజనాలు అవుతుండగానే సువార్తమ్మ గారికి బంటుమిల్లి నుంచి ఇంకో పెళ్ళి వంట కుదిరింది. నాకు నిజంగా ఏడుపొచ్చింది, సంతోషంతోనే. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు మాత్రం ఎవర్నీ అడగలేదు, నా కొంగే వాడుకున్నాను.

కాలేజీలో రిపోర్టు చదివినప్పుడు ప్రొఫెసరు గారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"వ్యాధి మళ్ళీ రాకుండా ఏ నివారణ చర్య తీసుకున్నావు?"

"సోర్సుని కుర్చీలో కూర్చోబెట్టామండీ."

క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

కనుక పాఠకులారా, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. ఇకమీదట ఏ విందుకి పిలిచినా వస్తాను, తింటాను, దీవిస్తాను, సాయం మాత్రం చచ్చినా చెయ్యను. అయినా మీ ఇంట్లో ఎప్పుడైనా పదిమంది ఒకేసారి మంచం ఎక్కితే, వంటవాళ్ళని తిట్టకండి. ముందు నాకు ఫోను చేసి, ఆ రోజు నేనెక్కడున్నానో కనుక్కోండి.