డ్రాగన్ సినిమాకు మేం ముగ్గురం

ఆ నెలంతా మా ఇంట్లో ఏ కాగితం తిరగేసినా వెనక డ్రాగనే. క్యాలెండర్ వెనక డ్రాగన్, కరెంటు బిల్లు వెనక డ్రాగన్. నా కూతురికి తొమ్మిదేళ్లు. ఫోన్లో ఆ సినిమా ట్రైలర్ చూసిన రోజు నుంచి దానికి అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. మంచు దీవిలో వైకింగులు ఉంటారట, వాళ్ల పడవల మీదికి డ్రాగన్లు నిప్పులు ఊస్తాయట, మధ్యలో ఒక గుడ్డు ఉందట. ఆ గుడ్డు ఎవరికి దక్కుతుందో తెలియకపోతే తను బతకలేదట. మా బాపు, అంటే మా నాన్న, దాని బాధ చూడలేక ఒక పాత స్టీలు గిన్నెకు రెండు పక్కలా నూలు చుట్టే ఖాళీ కండెలు కట్టి కొమ్ముల టోపీ చేసిచ్చాడు. అది పెట్టుకుని ఇది మంచం మీద నుంచి మంచం మీదికి దూకేది.

మా ఆయన దుబాయిలో ఉంటాడు. నేను సిరిసిల్లలోనే బట్టలు కుట్టే యూనిట్లో పని చేస్తాను. పొద్దున ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. పిల్ల బడి తొమ్మిదికి. అందుకని దాన్ని బడికి తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం బాపు పని. ముప్పై అయిదేళ్లు సాంచెలు నడిపిన మనిషి. మా దగ్గర పవర్‌లూమ్‌లను సాంచెలనే అంటాం. మోకాళ్లు పోయి కార్ఖానా మానేశాక, నన్ను కన్న అవ్వ కూడా పోయాక, ఆయనకు మిగిలింది ఈ ఒక్క పనే. ఎనిమిదిన్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పిల్ల సంచి భుజాన వేసుకుని గడపలో నిలబడేవాడు. ఆఫీసుకు పోయే దొర కూడా అంత తయారవడు.

ఒకరోజు పని నుంచి వస్తుంటే బడి దగ్గర జిరాక్స్ షాపాయన నన్ను ఆపాడు.

"అక్కా, ఏమనుకోకుంటే ఒక మాట. నిన్న నీళ్ల ట్యాంకరోడు ఎనుక నుంచి హారన్ కొడ్తనే ఉన్నడు. మీ బాపు జరగనే లే. పాప గుంజితే జరిగిండు. జరంతల తప్పింది."

 ఆ బడి రోడ్డు ఎలాంటిదో నాకు తెలుసు. ఇసుక లారీలు, ట్యాంకర్లు, పక్కన నడిచే జాగా కూడా ఉండదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, ట్యాంకర్ వస్తుంటే ఎందుకు జరగలేదని అడిగాను.

"ఇన్న బిడ్డా," అన్నాడు బాపు. "రోడ్డేమన్న వాని అయ్యదా? ఆగుతడని జరగలే."

నేను ఇంకో మాట అనకముందే పిల్ల అందుకుంది. "తాతకు మంచిగనే ఇనవడుతది మమ్మీ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేను చెవుల మాట ఎత్తనే లేదు.

తండ్రికి చెవులు వినపడటం లేదన్న సంగతి ఒకే ఇంట్లో ఉన్న కూతురికి తెలియదా అని ఎవరైనా అడగొచ్చు. మా ఊళ్లో తెలియదు. సాంచెల కార్ఖానాలో పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతుతో మాట్లాడరు. ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు బాగా కదిపి, చేతులు తిప్పి మాట్లాడతారు. అదే అలవాటు ఇంటికి కూడా వస్తుంది. మా ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పిలవడం నా చిన్నప్పుడే లేదు. వచ్చి, భుజం తట్టి, మొహం చూపించి చెప్పాలి. అవ్వతో బాపు అలాగే మాట్లాడాడు, నాతో అలాగే మాట్లాడాడు. వాడకట్టంతా అలాగే మాట్లాడుతుంది. ఇంక ఎవరి చెవులు ఉన్నాయో, ఎవరివి పోయాయో ఎట్లా తేలుతుంది?

అయినా నాకు అనుమానం పట్టుకుంటే వదలదు. ఒక సాయంత్రం బాపు వెనక నుంచి ఇత్తడి చెంబు ధడాలున కింద పడేశాను. తిరిగి చూశాడు. ప్రాణం లేచివచ్చింది. మరుక్షణంలో చూద్దును కదా, ఆయన ఎదురుగా పిల్ల కూర్చుని ఉంది. చెంబు పడగానే ఉలిక్కిపడింది అదే. ఆయన దాని మొహం చూసి తిరిగాడు.

అప్పుడే నాకు ఆ పాడు ఆలోచన వచ్చింది. డ్రాగన్ సినిమా తెలుగులో కరీంనగర్‌లో ఒక్క హాల్లోనే, ఒక్క పొద్దుటాటే ఆడుతోంది. ఇంగ్లీషు బొమ్మలకు తెలుగు మాటలు పెట్టారు. నోరు ఒక తీరు కదులుతుంది, మాట ఒక తీరు వస్తుంది. పెదవులు చూసి మాట పట్టేవాడికి అక్కడ ఏమీ దొరకదు. పైగా చీకటి. బాపును తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకుంటే గంటలో తేలిపోతుంది. వినపడుతుందా, సరే. లేదా, ఆ రోజుతో బాపు బడికి పోవడం బంద్. పిల్ల ఆటోలో పోతుంది. ఆ మాట చెప్పడానికి కూడా సిద్ధమయ్యాను.

"ఆదివారం కరీంనగర్ పోతున్నం, నీ సినిమాకు," అన్నాను. పిల్ల గాల్లోకి ఎగిరింది. "తాత గూడ వస్తడు," అన్నాను. అక్కడే ఆగిపోయింది.

"తాత ఎందుకు? తాతకు బస్సు పడది."

"తాత వస్తెనే సినిమా. లేకుంటే లేదు."

అది నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. నా కడుపున పుట్టిన పిల్లే. నేను ఏం చేయబోతున్నానో దానికి తెలిసిపోయింది.  మూడో రోజు పొద్దున జడ వేస్తుంటే, అద్దంలో నన్ను చూడకుండా, "నాకు సినిమా వద్దు మమ్మీ" అంది. నెల రోజులు గుడ్డు గుడ్డు అని కలవరించిన పిల్ల! జుట్టు గట్టిగా లాగి జడ వేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ వేళ నాకు జాలి వేయలేదు, కోపమే వచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను మోసం చేస్తున్నారని.

చివరికి ఆ గండం దాటించింది బాపే. "పోదాం తియ్యి. నేను గూడ డ్రాగన్‌ను సూడలే ఏనాడు" అన్నాడు.

బస్సులో కరీంనగర్ దాకా పిల్ల కిటికీ పక్కన కూర్చోలేదు. బాపు ముందు సీట్లో, వెనక్కి తిరిగి ఆయనకు మొహం పెట్టి కూర్చుంది. దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉంది. సినిమాలో ఎవరెవరు ఉంటారో, ఎవరు మంచివాళ్లో, ఎవరు కాదో ముందే చెప్పి పెడుతోందని నాకు వేములవాడ దాటాక అర్థమైంది. పరీక్షకు పోయేవాడికి దారిలో పాఠం చదివి వినిపిస్తున్నట్టుంది.

హాల్లో బాపును మధ్యలో కూర్చోబెట్టాను. అటు పిల్ల, ఇటు నేను. లైట్లు ఆరిపోయాయి. మంచు, సముద్రం, కొమ్ముల టోపీల మనుషులు. హాలు నిండా పిల్లలు, ఒక్కటే ఈలలు. నాకు తెర మీద ఏం జరుగుతోందో పట్టలేదు.  బాపు చెవికి దగ్గరగా వంగాను.

"బాపూ, నీళ్లు తాగుతవా?"

ఆయన తెర వైపే చూస్తున్నాడు.

ఈసారి గట్టిగా అన్నాను. లేదు. ఇంకా గట్టిగా, "బాపూ, మనిల్లు తగలవడ్డదట" అన్నాను. ముందు సీట్లో ఒకామె గిరుక్కున తిరిగి నన్ను చూసింది. బాపు తిరగలేదు. చిన్నగా నవ్వుతూ, కళ్లు పెద్దవి చేసుకుని, డ్రాగన్‌ను చూస్తున్నాడు. ఆ ముక్కు, ఆ నెరిసిన చెంప అంత దగ్గర నుంచి చూసి ఎన్నేళ్లయిందో. కొంచెం వినపడకపోవడం కాదు, ఏమీ వినపడటం లేదు. నేను అనుకున్నదే నిజమైంది. గెలిచినట్టు అనిపించాలి కదా, ఏడుపు వచ్చింది.

అంతలో హాలంతా ఘొల్లున నవ్వింది. ఒక క్షణం ఆగి బాపు కూడా నవ్వాడు. ఆ క్షణంలో ఏం జరిగిందా అని వంగి అటు చూశాను. పిల్ల సీట్లో పక్కకు తిరిగి, కాళ్లు పైకి ముడుచుకుని, పూర్తిగా ఆయనకు ఎదురుగా కూర్చుని ఉంది. తెర వెలుతురు దాని మొహం మీద పడుతోంది. గొంతు లేదు, పెదవులు కదులుతున్నాయి, చేతులు తిరుగుతున్నాయి. అచ్చం కార్ఖానా మాట. చెవితో విని ఆయనకు చెబుతోంది. బాపు ఒక కన్ను తెర మీద, ఒక కన్ను దాని మీద పెట్టుకుని చూస్తున్నాడు.

ఇంటర్వెల్లో బాపును సీట్లోనే ఉంచి పిల్లను బయటికి తీసుకొచ్చాను. మొక్కజొన్న పేలాలు అమ్మే చోట, జనం మధ్యన, భుజం పట్టుకుని అడిగాను.

"ఎప్పటి సంది తెలుసే నీకు?"

"దసరా సంది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే తాతను బడికి రానియ్యవు గద."

అంతే చెప్పింది, కళ్లు దించలేదు. తర్వాత గొంతు మారింది. "బండొస్తే నేను చెప్త మమ్మీ. ఎప్పుడన్న దెబ్బ తాకిందా? ఒక్కసారన్న తాకిందా? తాతకు ఇంకేం పని లేదు. నన్ను తోల్కపోకుంటే ఇంట్ల ఏం జేస్తడు?"

"తొమ్మిదేండ్ల పిల్లవే నువ్వు. ఆయన నిన్ను సూస్కోవాలె గని, నువ్వు ఆయన్ను సూస్కునుడేంది?" అన్నాను.  చెయ్యి విడిపించుకుని లోపలికి ఉరికింది, సినిమా మొదలుకాకముందే తాత దగ్గరికి చేరాలని.

రెండో సగంలో దాన్ని రెండుసార్లు గిల్లాను. "అటు తిరగవే, నీ సినిమా పోతది" అన్నాను. తిరగలేదు. డ్రాగన్ కూత వేస్తే మా సీట్లు అదిరాయి. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. గుడ్డు ఎవరికో దొరికింది కాబోలు, చప్పట్లు. ఇది మాత్రం వీపు తెరకు పెట్టి, చెవులు రిక్కించి, వినపడ్డ ప్రతి మాటనూ తాతకు అందిస్తోంది. వాళ్లిద్దరినీ చూస్తూ నేను కూడా తెర సంగతి మరిచిపోయాను. లైట్లు వెలిగాక తెలిసింది, సినిమా అయిపోయింది. ఆ గుడ్డు ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

బయటికి వచ్చాం. ఎండ కళ్లలో పొడుస్తోంది. బస్టాండుకు పోయే ఆటోలు రోడ్డుకు అవతలి వైపు ఆగుతాయి. బాపు పిల్ల తలమీద చెయ్యి పెట్టి, "ఆఖర్ల ఏమైందే? గుడ్డు ఎవలికి పోయింది? నువ్వు జల్ది జల్ది చెప్తివి, నాకు సమజ్ గాలే" అన్నాడు.

పిల్ల ఒక్క క్షణం తడబడింది. నేను చూశాను. తర్వాత మొదలుపెట్టింది. గుడ్డు పగిలిందట, లోపల ఒకటి కాదు రెండు పిల్లలట, ఒకటి వైకింగులకు, ఒకటి డ్రాగన్‌కు పంచుకున్నారట. అంతా అప్పటికప్పుడు అల్లేస్తోంది. ఆయనకు మొహం కనపడాలి కదా, ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి, చేతులు రెక్కల్లా ఆడిస్తూ, అలాగే వెనక అడుగులు వేస్తూ రోడ్డు మీదికి దిగింది.

బస్సు హారన్ నా గుండెల్లో మోగింది. రెక్క పట్టి లాగాను. ఇద్దరం మట్టిలో కూలబడ్డాం. బస్సు గాలి మా మొహాలకు కొట్టింది. డ్రైవర్ తల బయట పెట్టి తిట్టుకుంటూ పోయాడు.

బాపు అక్కడే నిలబడిపోయాడు. ఆయనకు హారన్ వినపడలేదు. బస్సును మాత్రం చూశాడు. పిల్ల మొహం మీద పెట్టిన కళ్లు ఎత్తి, దాని తల వెనక నుంచి వస్తున్న బస్సును చివరి నిమిషంలో చూశాడు. 

నేను లేచి పిల్ల మోకాలికి అంటిన మట్టి దులిపాను.  బాపు నా దగ్గరికి వచ్చి, రహస్యం చెబుతున్నట్టు వంగాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. ఆటోల దగ్గర నిలబడ్డవాళ్లందరూ తిరిగి చూశారు.

"పిల్ల సినిమా సూడలే బిడ్డా. నా మొకమే సూసింది. రోడ్డు మీద గూడ గంతే. రోజు నా మొకం సూసుకుంటనే నడుస్తది. బండ్ల దిక్కు సూడది." ఊపిరి తీసుకున్నాడు. "రేపటి సంది ఆటో మాట్లాడు."

పిల్ల "తాతా, వద్దు" అని ఆయన చొక్కా పట్టుకుని లాగింది. అది ఏడుస్తూ తల వంచుకుంది కాబట్టి ఆ మాట ఆయనకు అందలేదు.

ఆటో మాట నేను ఇంటి దగ్గర్నుంచి నోట్లో పెట్టుకుని వచ్చిన మాటే. ఇంటర్వెల్లో పిల్లకు చెప్పబోయి ఆగిన మాటే. బాపు నా పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు, సరే అంటానని. ఆయనకు గొంతు కూడా అక్కర్లేదు, పెదవి కదిపితే చాలు. అది కూడా నా వల్ల కాలేదు.