చింతగింజంత ముఖం

"నువ్వు అచ్చం మీ అమ్మేనే" అన్న ప్రతివాళ్ళ మీదా నాకు ఒళ్ళు మండేది. సరిచూసుకోవడానికి ఏదీ? నాకు నాలుగేళ్ళప్పుడే అమ్మ పోయింది. ముఖం గుర్తులేదు. బాపట్లలో మా ఇంటి గోడల మీద ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. మిగిలిందల్లా చర్చి స్త్రీల సమాజంవాళ్ళు దిగిన గ్రూపు ఫోటో. అందులో వెనక వరసలో అమ్మ, చింతగింజంత ముఖం. అదీ చెదిరింది. ఫోటో తీస్తుండగా తల తిప్పిందట.

ఎనభైల మధ్యలో, డిగ్రీ చదువుతుండగా, ఆ ఫోటో పట్టుకుని తెనాలి వెళ్ళాను. అక్కడొక స్టూడియోలో ఒక పెద్దాయన పాత ఫోటోల్లోంచి ఒక్కరి ముఖం తీసుకుని పెద్దది చేసి, పెన్సిలుతో, కుంచెతో దిద్ది, ఫ్రేము కట్టి ఇచ్చేవాడు. వారంలో అయిపోతుందనుకున్నాను. ఆయన భూతద్దంలోంచి చూసి, "మీ అమ్మ నవ్వితే పళ్ళు కనబడేవా అమ్మాయ్?" అన్నాడు.

"నాకేం తెలుసు బాబాయ్ గారూ?"

"అయితే తెలిసినవాళ్ళని అడిగి రా."

ఇక ప్రతి శనివారం నేను రైలెక్కడం, ఆయన ఇంకో ప్రశ్న వేయడం. ముడి ఎత్తుగా పెట్టేదా, మెడ మీదకా? కోపమొస్తే పెదాలు బిగించేదా? నాన్నని అడిగితే "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అని పేపరు అడ్డం పెట్టుకునేవారు. నేను కాలుగాలిన పిల్లిలా ఆ స్టూడియో వరండాలో తిరిగేదాన్ని. ఈయన చేసేది బొమ్మా, పోలీసు విచారణా అని విసుక్కునేదాన్ని. ఒక శనివారం ఆయన తాపీగా, "ఆవిణ్ణి కన్నతల్లిని చూస్తే గానీ నా వల్ల కాదు" అన్నాడు.

అమ్మవాళ్ళది చీరాల దగ్గర మగ్గాల కుటుంబం. చర్చివాణ్ణి చేసుకుందని ఆ పెళ్ళికి ఎవరూ రాలేదు. అమ్మ పోయాకే రాకపోకలు మొదలయ్యాయి. మామయ్య రేపల్లెలో బట్టల కొట్టు పెట్టాక అమ్మమ్మ కూడా అక్కడే ఉండేది. స్టూడియో పెద్దాయన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాను.

ఆయన కెమెరా తేలేదు. పెన్సిలైనా బయటికి తీయలేదు. బల్ల మీద కూర్చుని అమ్మమ్మని చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే చూశాడు, కోడలి మీద కేకలేస్తుంటే చూశాడు.

"ఏంటయ్యా ఆ చూపు? ఈ వయసులో నాకు పెళ్ళిచూపులా?" అంది అమ్మమ్మ.

"మీ అమ్మాయి కోసం వెతుకుతున్నానండి" అన్నాడాయన.

అమ్మమ్మ చేట పక్కన పెట్టి, ఆయన వైపు తిరిగి కూర్చుంది. నేను మాత్రం సాయంత్రం బండి దాటిపోతుందని గోల పెట్టాను.

మరి కొన్ని వారాలకి బొమ్మ నా చేతిలో పెట్టాడు. ఇంకా అద్దం బిగించలేదు. ఒక మనిషి నన్ను చూసి ఏదో అనబోతోంది. ఆ నుదుటి మీద ఎర్రగా, రూపాయి కాసంత బొట్టు.

"ఇదేంటి బాబాయ్ గారూ! మేం చర్చివాళ్ళం. గ్రూపు ఫోటోలో ఉందా బొట్టు?"

ఆయన నాలిక కరుచుకున్నాడు. "లేదమ్మా. భర్త ఉండగా పోయిన పుణ్యస్త్రీ కదా, ఆ నుదురు బోసిగా వదలడానికి నా చెయ్యి రాలేదు. అలవాటైపోయింది. బ్లేడుతో గీకేస్తాను. కాకపోతే కొంచెం మచ్చ పడుతుంది."

ఇన్నాళ్ళకి దొరికిన అమ్మ నుదుటి మీద బ్లేడా? వద్దన్నాను. అలాగే అద్దం బిగించి ఇమ్మన్నాను. కానీ రైలెక్కాక భయం పట్టుకుంది. నాన్న చర్చి పెద్దల్లో ఒకరు. పాస్టరుగారు వారం వారం మా ముందుగదిలో కాఫీ తాగేవారు. ఈ ఫోటోని నాన్న గోడకి పెట్టనివ్వరు, నా తిరుగుడంతా బూడిదలో పోసిన పన్నీరే అనుకుంటూ బాపట్ల వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

నాన్న ఫోటోకి చుట్టిన కాగితం విప్పారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"నేను మొదట చూసింది ఈ ముఖాన్నే. చీరాల స్టేషన్లో" అన్నారు.

సంతోషించాల్సింది పోయి నాకు కోపం ముంచుకొచ్చింది. "మరి బొట్టు ఎందుకు తీయించారు నాన్నా?"

"నేను తీయమనలేదమ్మా. మా అమ్మ అంది. ఉంచుకో అని కూడా నేను అనలేదు."

ఆ జవాబు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఆయన లేచి సుత్తి తెచ్చుకున్నారు. లోపలి గదిలో ఎక్కడో పెడతారనుకున్నాను. ముందుగదిలో, పాస్టరుగారు కూర్చునే కుర్చీకి ఎదురుగా మేకు కొట్టారు.