స్వీడన్ తుపాకికి నేనాడిన బేరం

పాత సైనిక తుపాకుల గురించి ఫోన్లో చదివి చదివి, ఒక్కదాన్నీ ముట్టుకోకుండానే నేను పెద్ద పండితుణ్ణయిపోయాను. అందుకే నేను పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, అద్లియా పేటలోని పాత సామాన్ల దుకాణం గోడమీద వేలాడుతున్న బోల్ట్ తుపాకి స్వీడన్ సైన్యానిదని, దాని కర్ర మడమకి బిగించిన ఇత్తడి బిళ్ల చూసి ఇట్టే గుర్తుపట్టాను. గొట్టంలో ఉక్కు నింపి మూసేశారు. ఇక పేలదని కాగితం కూడా ఉంది.

దుకాణం చూసుకునే హైదరాబాదు భాయ్ దాన్ని దింపి బల్లమీద పెట్టాడు. గడియలాంటి బోల్టు వెనక్కి లాగాను. ఆ చప్పుడుకి ఒళ్లు ఝల్లుమంది గానీ, మొహం మాత్రం చేదు మాత్ర మింగినట్టు పెట్టాను. కర్ర మీద గీతలున్నాయన్నాను, బెల్టు లేదన్నాను, ఇంత పొడుగుది మహూజ్‌లో నా గదిలో పట్టదన్నాను. అతను ధర దించలేదు. ఇక మిగిలింది ఆఖరి ఎత్తు. "వద్దులే భాయ్," అని విసురుగా బయటికి నడిచాను. వెనక్కి పిలవాలి కదా. పిలవలేదు.

నాలుగడుగులు వేశాక అరికాళ్లు చుర్రుమన్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో వట్టికాళ్లతో నిలబడి ఉన్నాను. దసరాకి ఆయుధాల ముందు చెప్పులు విడిచే ఇంట్లో పెరిగినవాణ్ణి. తుపాకి ముట్టేముందు నాకు తెలియకుండానే విడిచేశాను.

గెంతుకుంటూ తిరిగొచ్చేసరికి అతను తుపాకిని పాత దుప్పట్లో చుట్టి తాడు కడుతున్నాడు.

"నేనింకా కొంటాననలేదు," అన్నాను, చెప్పులు వెతుక్కుంటూ.

"చెప్పులిడిసి ముట్టినప్పుడే కొన్నవన్నా," అన్నాడు తలెత్తకుండా. "ఇంక ధర తగ్గించుడు ఎందుకని ఊకున్న."